ఎర్ర మాత్రలు, నల్ల బిడ్డలు, ఒక వాట్సాప్ మెసేజ్

వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, ఊరి గ్రూపులో రెండుసార్లు, ఆఖరికి మా మేనమామ విడిగా పంపి "ఇదేంటో చూడరా" అన్నాడు. "పల్లెటూరి తల్లిదండ్రులారా, మేల్కోండి" అని మొదలై, ఆశా కార్యకర్తల మీద ఏడు నేరాలు మోపి, "కనీసం పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఇంటర్ గ్రూపులో దాని కింద మావాడొకడు "నిజమో అబద్ధమో, జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది" అని రాశాడు. పోయేదేముందో చెప్పాలనిపించింది.

మొదటి పాయింటు: వీళ్ళకి నెలకు ముప్పై వేలు జీతమట, ఆ డబ్బు కోసమే మన ఇళ్ళ చుట్టూ తిరుగుతారట. రాసినవాడి నోట్లో చక్కెర పొయ్య! ఆంధ్రలో ఇస్తున్నది పదివేలు. దాన్నీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు, ఎందుకంటే కాగితాల మీద వీళ్ళు స్వచ్ఛంద కార్యకర్తలు. మిరపకోతల రోజుల్లో ఆడకూలీలు తెల్లారకముందే ఆటో ఎక్కేస్తారు కాబట్టి మా ఊరి ఆశమ్మ ఐదింటికే రిజిస్టరు చంకన పెట్టుకుని బయల్దేరుతుంది. అదీ స్వచ్ఛందమే మరి.

రెండోది: "పదో తరగతి చదివినవాళ్ళు వైద్యం చేస్తారా?" వాళ్ళు వైద్యం చేయరు. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడికి తీసుకెళ్ళాలో చూస్తారు. అయినా పదో తరగతి అంటే అంత చులకన అక్కర్లేదు. 1990లలో మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఐదు నుంచి పది తరగతులు చదివిన ఊరి ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. వాళ్ళు బాలింతల ఇళ్ళకు వెళ్ళి బిడ్డ బరువు చూసేవాళ్ళు, ఒళ్ళు చల్లబడకుండా చూసేవాళ్ళు, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టి ఇంజెక్షన్ కూడా ఇచ్చేవాళ్ళు. నెల లోపు పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ లెక్కలన్నీ వచ్చాయి. ఇప్పుడు ఆస్పత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశమ్మ నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు వచ్చి చూసి పోవడానికి మూలం అదే. ఆ ఆరుసార్లకూ కలిపి కేంద్రం లెక్కగట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు. మీ ముప్పై వేలలో ఇది ఎన్నో వంతో లెక్కేసుకోండి.

ఇక మూడోది. నా కడుపు మండింది ఇక్కడే. మెసేజ్‌లో ఎర్ర అక్షరాలతో ఉంది: "ఆశాలు ఇచ్చే ఎర్ర మాత్రలు వాడితే బిడ్డ నల్లగా పుడుతుంది. కడుపులో బిడ్డ విపరీతంగా పెరిగి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. పారేయండి."

కుంకుమపువ్వు పాలు తాగితే తెల్లబిడ్డ పుడుతుందని నమ్మే ఇళ్ళు మనవి. ఆ లెక్కనయినా ఎర్ర మాత్ర వేసుకుంటే ఎర్రటి బిడ్డ పుట్టాలి కదా, నల్లబిడ్డ ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఎక్కణ్ణుంచి వచ్చాడో నాకు తెలుసు. అవి చూలింతలకు రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలు. వాడితే విరేచనం నల్లగా అవుతుంది. ఒంటికి పట్టగా మిగిలిన ఐరన్ అలా బయటికి పోతుంది, అంతకుమించి ఏమీ లేదు. అది చూసి ఏ అత్తగారో హడలిపోయి ఉంటుంది. అక్కణ్ణుంచి బిడ్డ రంగు దాకా మాట పాకింది. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. మీరిద్దరూ ఒకసారి అద్దం ముందు నిలబడితే సగం టెన్షన్ తీరిపోతుంది.

బిడ్డ పెరిగిపోవడం అనేది దీనికంటే పెద్ద అబద్ధం. జరిగేది దానికి తలకిందులు. తల్లికి రక్తం తక్కువైతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు, నెలలు నిండకుండా పుట్టే ముప్పు పెరుగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోని గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. మీ గ్రూపులో చూలింతలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి సగం చేయండి.

కాన్పులో అర లీటరు రక్తం పోతే, ఒంట్లో హిమోగ్లోబిన్ పదకొండు పాయింట్లు ఉన్న మనిషి తట్టుకుంటుంది. ఆరో ఏడో పాయింట్లున్న మనిషికి అదే అర లీటరు ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రి రక్తం కావాలంటే జిల్లా కేంద్రానికి పరుగెత్తాలి. ఆ పరుగు తప్పించడానికే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున నూట ఎనభై మాత్రలు, కాన్పయ్యాక మరో నూట ఎనభై. "పారేయండి" అని రాసినవాడు ఆ రాత్రి వచ్చి రక్తం ఇస్తాడా? ఫోన్ నంబరైనా పెట్టలేదే!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మాత్రలతో వికారం, కడుపులో మంట, మలబద్ధకం రావచ్చు. చేతిలో స్ట్రిప్పులు పెట్టి "రోజూ వేసుకోమ్మా" అనేసి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు, ఎలా వేసుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ చెప్పని చోటే ఈ మెసేజ్ దూరింది. కాబట్టి నేను చెబుతాను. ఖాళీ కడుపుతో పడకపోతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టీ, పాలు, కాల్షియం మాత్ర దాని దగ్గరికి రానివ్వకూడదు, కనీసం గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. నిమ్మరసం, జామకాయ, ఉసిరి తోడైతే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. అప్పటికీ వాంతులు ఆగకపోతే ఊరి నర్సు ఏఎన్ఎంకి చెప్పాలి. బీరువా మీద పెట్టి మర్చిపోకూడదు.

నాలుగు: బిడ్డకు టీకా వేస్తే జ్వరం వచ్చింది, కాబట్టి అది విషం. ఆరో వారం సూదికి ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చని వేసేముందే చెబుతారు. పారాసిటమాల్ కూడా ఇచ్చి పంపుతారు. తర్వాతి పాయింటుకు పోదాం.

ఐదు: ఆధార్, ఫోన్ నంబర్లు రాసుకుని కంపెనీలకు అమ్ముకుంటున్నారు. ఇది ఫార్వర్డ్ చేసిన మహానుభావుడు మొన్న బట్టల షాపు లక్కీ డ్రా కూపన్ మీద ఇంటి అడ్రసుతో సహా అన్నీ రాసి డబ్బాలో వేశాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆరు: "మన నాయనమ్మలు ఏ మాత్రా మింగకుండా ఇంట్లోనే పదిమందిని కన్నారు." కన్నారు. మా నాయనమ్మ తొమ్మిదిమందిని కంటే నలుగురు మిగిలారు. మిగతా ఐదుగురి పేర్లు మా నాన్నకీ తెలియవు, ఇద్దరికైతే పేరు పెట్టే రోజు కూడా రాలేదు. అంత వెనక్కి కూడా పోనక్కర్లేదు. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రలో 45, తెలంగాణలో 43. ఇదంతా ఆశాల ఘనతే అనను. 108 బండి ఉంది, ఆస్పత్రులు ఉన్నాయి, రోడ్లు పడ్డాయి. కానీ నొప్పులొచ్చిన రాత్రి ఆ బండికి ఫోన్ చేసి, పక్కన కూర్చుని వెళ్ళేది ఎవరు?

ఏడోది చదివి మాత్రం ఆగిపోయాను. "అవసరం లేకుండా ఆపరేషన్లు చేయిస్తున్నారు." అవును, చేస్తున్నారు. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రలో 42.4. ఇంతమందికి కోత తప్పనిసరి అయ్యే అవకాశమే లేదు. కేసు తెచ్చినవాళ్ళకు చేతిలో ఎంతో కొంత పెట్టే ప్రైవేటు ఆస్పత్రుల సంగతి నేనూ విన్నాను. ఆ డబ్బు తీసుకున్న ఆశా ఒక్కతీ లేదని ప్రమాణం చేసి చెప్పలేను. మెసేజ్ రాసినవాడు ఈ ఒక్కటీ రాసి వదిలేసి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

అయితే కత్తి పట్టుకునేది ఆశమ్మ కాదు. పైగా తెలంగాణలో ప్రైవేటులో 81.5 శాతం సిజేరియన్లయితే, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. ఆశమ్మ తీసుకెళ్ళాల్సింది ఈ రెండో చోటికే. ఆమెను గుమ్మం ఎక్కనివ్వకుండా నేరుగా మొదటి చోటికి పొమ్మని ఈ మెసేజ్ సలహా. కోతలంటే అంత భయం ఉన్నవాడు ఇచ్చే సలహాయేనా ఇది?

ఇదంతా గ్రూపులో పెట్టే ముందు "పోయేదేముంది" అన్నవాడికి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళావిడకు ఇప్పుడు ఆరో నెల. మాత్రలు రెండు నెలలుగా బీరువా మీదే ఉన్నాయట, ఇప్పుడు ఆ మెసేజ్ చూశాక వాళ్ళమ్మ అసలు ముట్టుకోనివ్వడం లేదట. రక్తం ఎంతుందో తెలుసా అంటే తెలియదన్నాడు. కాసేపాగి, "టీ తాగిన వెంటనే వేసుకోకూడదన్నావు, ఎంతసేపు ఆగాలి?" అని అడిగాడు. గంటన్నా ఆగాలని చెప్పి, స్ట్రిప్పు వెనక తేదీ చూడమన్నాను. చూడ్డానికి స్టూలు ఎక్కాడు.