సవరణ: గలిజేరు కషాయంతో బోదకాలు పురుగు చావదు

ఎర్ర గలిజేరు, అదే పునర్నవ గురించి మొన్న రాస్తూ, వేరు కషాయం నెల రోజులు తాగితే బోదకాలు పురుగు చస్తుందన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. ఆయుర్వేదం ఈ మూలికను ముఖ్యంగా వాపు తగ్గించేదిగా చెప్పింది.

క్యూలెక్స్ దోమ ద్వారా ఒంట్లో చేరి లింఫు నాళాల్లో (ఒంట్లోని లింఫు ద్రవం పారే సన్నని గొట్టాల్లో) పెరిగే ఫైలేరియా పురుగుకు, అంటే బోదకాలు పురుగుకు, మందు డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు. ఇంటింటికీ పంచేవి అవే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. ఇది పరకాల వైపు ఒక ఆరోగ్య కేంద్రం డాక్టరు చెప్పిన మాట, ప్రభుత్వ మార్గదర్శకాల్లోనూ ఉంది.

వాపు ముదిరిన కాలును రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. అక్కడ చర్మం చిట్లితే సూక్ష్మక్రిములు చేరి చలిజ్వరం వస్తుంది, వాపు ఇంకా పెరుగుతుంది. నా మాట నమ్మి మాత్రలు మానేసినవాళ్లుంటే, దయచేసి ఇవాళే ఆశా కార్యకర్తను అడగండి.