మామూలు మంగళవారం తరగతిని చూసి రండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, బెళ్లందూరు వైపు స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లకు ఆరేడేళ్లు రాగానే నాట్యం మాట వస్తుంది. కూచిపూడి అయితే బాగుండునని ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటుంది. దగ్గర్లో దొరికేది చాలాసార్లు భరతనాట్యం. ఏ పాఠశాల మంచిదని ఇరుగుపొరుగును అడిగితే అందరూ చూపించేది వార్షికోత్సవం వీడియో. చౌడయ్య మెమోరియల్ హాలులోనో, రవీంద్ర కళాక్షేత్రలోనో వెలుగుల మధ్య బారులు తీరిన పిల్లలు, పట్టు దుస్తులు, తల నిండా పూలు. ఆ వీడియోను నమ్మి పాఠశాలను ఎంచుకోవడమే తల్లిదండ్రులు తర్వాత పడే చాలా ఇబ్బందులకు మూలమని నా అభిప్రాయం. ఒకే అంశాన్ని నెలల తరబడి రుద్దితే ఏ పిల్లల చేతనైనా పది నిమిషాలు ఆడించవచ్చు. చదువు ఎలా సాగుతోందో తెలియాలంటే ఏ ఉత్సవమూ లేని ఒక మంగళవారం సాయంత్రం వెళ్లి తరగతిలో ఓ మూల కూర్చోవాలి. కూర్చోనివ్వని పాఠశాల గురించి అక్కడికక్కడే ఒక సంగతి తెలిసిపోతుంది.

అడవులు అంటే భరతనాట్యపు మూల అడుగులు; వాటిలో ఒకటైన నట్టడవు నేర్పుతున్న ఒక టీచరు తరగతిలో అలా కూర్చున్నాను. ఆమె చెక్క దిమ్మె మీద కర్రతో తాళం వేస్తూ ‘తెయ్యుం తత్ తత్ తెయ్యుం తా’ అంటున్నారు. వెనక వరుసలో ఒక పాప మోచేయి జారింది. ఆమె కర్ర పక్కన పెట్టి లేచి వెళ్లి, ఆ మోచేతి కింద రెండు వేళ్లు ఆనించి భుజం ఎత్తుకు లేపి, ఇక్కడే ఉంచి మళ్లీ చెయ్యమని కన్నడంలో చెప్పారు. అంతసేపూ తరగతి మొత్తం ఆగింది. తర్వాత అందరూ మళ్లీ మొదటి కాలం, అంటే నెమ్మది వేగం, నుంచి మొదలుపెట్టారు. గంటలో వాళ్లు చేసింది చాలా తక్కువ. మరో చోట, ఒక అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లో, ఫోనులో రికార్డింగ్ పెట్టి పాట మొదలు నుంచి చివరిదాకా ఆడించారు. చివరి వరుస పిల్లలు ముందున్నవాళ్లను చూస్తూ అర క్షణం ఆలస్యంగా కదులుతున్నారు. బయట నిలబడ్డ తల్లిదండ్రులకు రెండో తరగతే నచ్చుతుంది. పిల్లకు పాట వచ్చేసిందని ఇంటికి వెళ్లి సంతోషిస్తారు. ఆ పిల్ల రెండేళ్ల తర్వాత కూడా రెండో కాలంలో అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ) నిలపలేకపోతే లోపం పిల్లదే అనుకుంటారు.

పేరు గురువుది, పాఠం పెద్ద శిష్యురాలిది కావడం గురించి కూడా అడగాలి. పెద్ద శిష్యురాలు చిన్నవాళ్లకు నేర్పడంలో తప్పేమీ లేదు, టీచర్లు తయారయ్యేదే అలాగ. నగరంలో నాలుగు శాఖలు పెట్టి, గురువు ఏ శాఖకు నెలలో ఎన్నిసార్లు వస్తారో చేర్చుకునేటప్పుడు చెప్పకపోవడమే తప్పు.

పిల్లల ఒంటి సంగతిని ఇంతకన్నా గట్టిగా పట్టించుకోవాలి. అరమండిలో పాదాలు పక్కలకు తిరగాలి. ఆ తిరుగుడు తుంటి కీలు నుంచి రావాలి. తుంటి ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువగా పాదాలను తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. ఎదిగే వయసులో మడమ ఎముక పూర్తిగా గట్టిపడి ఉండదు కాబట్టి నేలను పదే పదే తట్టే పిల్లలకు అక్కడ నొప్పి రావచ్చు. కాంక్రీటు మీద పరిచిన టైల్స్, గ్రానైట్ ఆ దెబ్బను ఏమాత్రం పీల్చుకోవు. కింద కాస్త ఖాళీ వదిలి వేసిన చెక్క నేల కొంత పీల్చుకుంటుంది. అద్దె హాళ్లలో చెక్క నేల వేయించడం ప్రతి టీచరుకూ సాధ్యం కాదు, అది నాకూ తెలుసు. మొదటి పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించే వ్యాయామం చేయించడం, నొప్పి అన్న పిల్లను ఆ రోజు కూర్చోబెట్టి అభినయమో తాళమో నేర్పడం మాత్రం అందరికీ సాధ్యమే. కాలు నొప్పి అంటే సోమరితనం అని మందలించే చోట పిల్లను ఒక్క నెల కూడా ఉంచకూడదు.

తెలుగువాళ్లకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. అలరింపుతో మొదలై జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, జావళి మీదుగా తిల్లానాతో ముగిసే భరతనాట్య కచేరీ క్రమాన్ని 19వ శతాబ్దం తొలి దశకాల్లో తీర్చిదిద్దింది తంజావూరు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు. తంజావూరు ఆస్థానంలో తెలుగుకు పెద్ద పీట ఉండేది. అందుకే వర్ణాలు, పదాలు, జావళీలలో చాలా భాగం తెలుగులోనే ఉన్నాయి. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు నేటికీ అభినయానికి గీటురాళ్లు. ఇవి ఎక్కువగా శృంగార రచనలు. రాత్రంతా పరస్త్రీ దగ్గర గడిపి వచ్చిన నాయకుణ్ణి నిలదీసే ఖండిత నాయికను పన్నెండేళ్ల పిల్ల అభినయిస్తుంటే, మాట మాట అర్థమవుతున్న తెలుగు తల్లి సభలో ఇబ్బందిగా కదులుతుంది. పక్కన కూర్చున్న కన్నడ, తమిళ తల్లులకు ఆ బాధ లేదు. పదం నేర్పిన టీచరుకు తెలుగు రాకపోతే, తన గురువు చెప్పిన సారాంశాన్ని పిల్లలకు ఒక వాక్యంలో చెప్పి ముద్రలు నేర్పి ఉంటారు.

ఆ పదాలను అటకెక్కించమని నేను అనను. అవి మన భాషలో వచ్చిన గొప్ప కవిత్వం, పద్ధెనిమిదేళ్లు దాటిన నర్తకి వాటిని అర్థం చేసుకుని ఆడితే కళ్లు చెమ్మగిల్లుతాయి. చిన్నపిల్లలకు అన్నమయ్య కీర్తనలున్నాయి, నారాయణ తీర్థుల తరంగాలున్నాయి, యశోదా కృష్ణుల మీద ఎన్నో రచనలున్నాయి. ఏ వయసుకు ఏ అంశమో టీచరుతో కూర్చుని మాట్లాడే అర్హత తెలుగు తల్లిదండ్రులకు నిండుగా ఉంది. పాట అర్థం పిల్లకు విడమరిచి చెప్పే పని కూడా వాళ్లు ఇంట్లో చేయగలరు. వాళ్లు ముందుకు వస్తే టీచర్లలో చాలామంది సంతోషిస్తారనే నా నమ్మకం.

ఇక రంగప్రవేశం. తమిళులు అరంగేట్రం అనే ఈ తొలి కచేరీ ఒకప్పుడు పోషకుల ఎదుట వృత్తి జీవితానికి నాంది. నేటి మధ్యతరగతి ఇళ్లలో చాలామంది అమ్మాయిలు పదో తరగతికి ముందు దాన్ని ముగించి గజ్జెలు అటక మీద పెడుతున్నారు. ఖర్చు ఒక చిన్న పెళ్లికి తగ్గదు. హాలు అద్దె, గాయకులకు, మృదంగం, వయొలిన్, వేణువు కళాకారులకు పారితోషికం, వాళ్లతో జరిగే ప్రతి రిహార్సల్‌కు విడిగా డబ్బు, కుట్టించిన పట్టు దుస్తులు, నగలు, మేకప్, వీడియో, ఆహ్వాన పత్రికలు, ముఖ్య అతిథులకు శాలువాలు, వచ్చినవాళ్లకు భోజనం, చివర గురుదక్షిణ. కళాకారులకు ఇచ్చే ప్రతి రూపాయీ న్యాయమైనదే. ఈ పద్దు పిల్ల ఏడేళ్లు నేర్చిన తర్వాత, వెనక్కి వెళ్లలేని దశలో తల్లిదండ్రుల చేతికి రావడం అన్యాయం. ‘ఇప్పుడు వద్దంటే మా పాప మనసు విరిగిపోతుంది, టీచరును అడగాలంటే మొహమాటం’ అని ఒక తల్లి నాతో అన్నారు. అప్పు చేసి జరిపించారు. ఖర్చు ఎంత దాకా వెళ్లవచ్చో, ఏది తప్పనిసరో, ఏది ఐచ్ఛికమో చేరిన ఏడాదే కాగితం మీద చెప్పే పాఠశాలలు రావాలి. గురువు ఇంట్లోనే ఉండి, సేవ చేస్తూ నేర్చుకున్న రోజుల మర్యాదలను నెలనెలా రుసుము తీసుకునే చోటికి తెచ్చి, లెక్క అడగడం అపచారమంటే ఒప్పుకోనక్కరలేదు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటానికి చోటే లేదు. 2023లో చెన్నైలోని నాట్య విద్యాసంస్థ కళాక్షేత్రలో విద్యార్థులు లైంగిక వేధింపుల ఆరోపణలతో నిరసనకు దిగారు, ఒక అధ్యాపకుడు అరెస్టయ్యాడు. రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించిన సంస్థలోనే ఫిర్యాదు వినిపించడానికి అంత పోరాటం అవసరమైందంటే, ఫిర్యాదు పెట్టె కూడా లేని వీధి చివరి పాఠశాలల్లో పిల్లలు ఎవరికి చెప్పుకుంటారు? పద్ధెనిమిదేళ్లలోపు వాళ్లను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. అంతకన్నా ముందు తలుపు తెరిచి ఉంచిన గది ఉండాలి, విడి రిహార్సల్ జరిగితే ఇంటివాళ్లలో ఒకరు అక్కడ ఉండాలి.

చివరగా, పాఠశాల మారే పిల్లల గురించి. ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాలు ఈ నగరంలో తరచూ ఇళ్లు మారతాయి. సర్జాపుర నుంచి యలహంకకు వెళ్లిన పిల్లను కొత్త టీచరు మళ్లీ మొట్టమొదటి అడవైన తట్టడవు దగ్గర నిలబెడతారు. పందనల్లూరు, వళువూరు, కళాక్షేత్ర శైలుల మధ్య తేడాలు నిజమే, చేయి చాచే తీరు దిద్దడానికి కొన్ని నెలలు పడితే పట్టవచ్చు. నాలుగేళ్ల చదువు మొత్తం చెల్లదనడం మాత్రం పిల్లను కుంగదీస్తుంది, చాలామంది అక్కడే మానేస్తారు. కర్ణాటకలో జూనియర్, సీనియర్, విద్వత్ అనే నాట్య పరీక్షలు ఉండటం ఇక్కడ ఉపయోగపడుతుంది. జూనియర్ పాసైన పిల్లను మొదటికి పంపడానికి ఏ టీచరైనా కాస్త ఆలోచిస్తారు. పరీక్ష రాయని పిల్లలకు కూడా ఏ అడవులు ఎన్ని కాలాల్లో వచ్చాయో, ఏ అంశాలు పూర్తయ్యాయో ఏడాదికోసారి ఒక పుటలో రాసి సంతకం చేసి ఇవ్వడం పాత టీచరుకు అరగంట పని. వచ్చే వార్షికోత్సవం ఏర్పాట్లకు తల్లిదండ్రులను పిలిచినప్పుడు, వేదిక అలంకరణ కన్నా ముందు అడగవలసింది ఆ పుట కోసమే.