చెయ్యి దూరని సందులో కొలువైన ఆల్టర్నేటర్ గారికి

కారులో కరెంటు పుట్టించే మహారాజశ్రీ ఆల్టర్నేటర్ గారి దివ్యసముఖానికి,

విజయవాడ నుంచి ఒక ఫిజిక్సు మాస్టారు రాసుకున్న విన్నపం. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగను, ఎదురుగా కనిపిస్తూనే ఉంది. మా బాల్కనీలో పాత దినపత్రిక పరుచుకుని, పుల్లీ పైకి పెట్టి వెల్లకిలా పడుకుని ఉన్నారు. మిమ్మల్ని నాలుగు వైపుల నుంచీ, ఇంత తీరిగ్గా చూడగలగడం నాకు ఇదే మొదటిసారి. అందుకే చెప్పుకోవలసిందంతా ఇప్పుడే చెప్పుకుంటున్నాను.

అయ్యా, నేను 22 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు మీ పాఠం చెబుతున్నాను. కళ్లు మూసుకుని మీ బొమ్మ వేయగలను. ఇటు ఉత్తర ధ్రువం, అటు దక్షిణ ధ్రువం, మధ్యలో తీగచుట్ట, దానితో పాటు తిరిగే రెండు స్లిప్ రింగులు, వాటిని తాకుతూ కరెంటు దాటించే రెండు బ్రష్షులు. 1831లో ఫారడే అని మొదలుపెట్టానంటే గంట కొట్టేదాకా ఆగను. బొమ్మ నీటుగా ఉండాలని, చుట్టూ మార్జిన్ వదలాలని, లేకపోతే మార్కు కోస్తానని కూడా బెదిరిస్తుంటాను. తమరి చుట్టూ మార్జిన్ అనేదే ఉండదని 22 ఏళ్లలో ఒక్క పుస్తకమూ నాకు చెప్పలేదు.

మొదటి తప్పు నాదేనని ఒప్పుకుంటాను. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. బ్యాటరీ బొమ్మ వెలిగితే బ్యాటరీ పోయిందనుకుని ఆ సాయంత్రమే కొత్తది కొన్నాను. ఆ దీపం బ్యాటరీని గురించి కాదు, దానికి తిండి పెట్టవలసిన వారిని గురించి అని తట్టలేదు. కొత్త కోడలి లాంటి ఆ బ్యాటరీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న డబ్బుతో రెండు రోజులు సంసారం ఈదింది. మూడో రోజు రాత్రి గుంటూరు నుంచి వస్తుంటే, కాజ టోల్‌గేటు దాటాక హెడ్‌లైట్లు ఆముదం దీపాలయ్యాయి. మంగళగిరి దగ్గర స్టీరింగు బండరాయిలా బిగుసుకుంది. తాడేపల్లిలో హారన్ కొడితే ముసలి మేక దగ్గినట్టు వినిపించింది. కనకదుర్గ వారధి నడిమధ్యకు వచ్చేసరికి బండి నిలబడిపోయింది. కింద కృష్ణ, వెనక లారీలు, మధ్యలో నేను. ఎగువన శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో మీ పెద్దన్నలు ఇదే నీళ్లతో తిరిగి ఊళ్లకు ఊళ్లు వెలిగిస్తున్నారు. తమరు ఒక్క హారన్ మోగించలేకపోయారు.

మర్నాడు మల్టీమీటరు పెట్టి చూశాను. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. 11.9 చూపించింది. ఈ మీటరు సరిగా పట్టుకోవడం రాని పిల్లలకు ప్రాక్టికల్స్‌లో మార్కులు తగ్గించే మనిషిని, బ్యాటరీ కొనకముందు దాన్ని బీరువాలోంచి తీయలేదు.

పై అంతస్తులోని పెద్దాయన వచ్చి, "ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడండి మాస్టారూ, ఆగిపోతే డైనమో పోయినట్టే" అన్నారు. డైనమో అంటే తమరి పాత తరం. ఆయన కాలంలో ఆ వైద్యం చెల్లింది. ఇప్పుడు అలా పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి కరెంటును ఒకే దిక్కుకు నడిపే మీ డయోడ్లనూ కారు కంప్యూటరునూ కలిపి కాశీకి పంపుతుంది. ఆయన వాడిన పాత అంబాసిడర్‌లో డైనమో బానెట్ ఎత్తగానే ఎదురొచ్చి నమస్కారం పెట్టేదట. మా మామగారి బండిలో నేనూ చూశాను. దాని చుట్టూ ఉన్న ఖాళీలో ఒక కోడి గుడ్లు పెట్టి పొదగవచ్చు.

ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ బండి కిందికి ఒకసారి దూరి, తల ఊపుతూ బయటికి వచ్చాడు. "బాగా లోపల ఉంది మాస్టారూ. ఇంజను కదిలించాలి. నాలుగు రోజులు వదిలేసి వెళ్లండి" అన్నాడు. కూలి ఎంతో చెప్పాడు. అది విన్నాక నాలోని విజ్ఞానశాస్త్రం మేల్కొంది. రిపేరు చేసిన ఆల్టర్నేటర్ ఒకటి అక్కడే కొని ఒడిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. "ఏమండీ, పాఠం చెప్పడం వేరు కదండీ" అంది మా ఆవిడ. ఆ మాట అప్పుడు నాకు వినిపించలేదు, ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు వినిపిస్తోంది.

శనివారం పొద్దున అపార్టుమెంటు సెల్లారులో జంపఖానా పరిచాను. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాను. మీ వీపు మీది లావుపాటి వైరు నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. నెగెటివ్ తీయకుండా అక్కడ పానా పెడితే దీపావళి ముందే వస్తుంది. ఆ ఒక్క పనీ పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. ఆ తరువాత మీ దర్శనానికి బయలుదేరాను. తిరుమలలో కంపార్టుమెంట్లయినా ఒకదాని తరువాత ఒకటి తలుపు తీస్తారు. ఇక్కడ కుడి చక్రం, దాని లోపలి ప్లాస్టిక్ తొడుగు, బెల్టు, రేడియేటరు ఫ్యాను, ఒక్కొక్కటిగా నేనే తీసుకుంటూ పోవాలి. తొడుగును పట్టుకున్న క్లిప్పులు ఏడు. విరక్కుండా వచ్చినవి రెండు.

అప్పుడు దర్శనమిచ్చారు. ఇంజను వెనక, బండి ఇనుప గోడకూ పొగగొట్టానికీ మధ్య, ఏసీ కంప్రెసర్ నెత్తిన కూర్చుని. తరతరాల మసి, ఎండిన బురద, ఒక ఎండుటాకు. ఇంత మూలకు మిమ్మల్ని ఎవరు తోశారని మొదట తిట్టుకున్నాను. జాకీ పక్కన వెల్లకిలా పడుకుని ఆలోచిస్తే విషయం తేలింది. ఫ్యాక్టరీలో ఇంజను ఇంకా బయటే ఉన్నప్పుడు, చుట్టూ నడవడానికి చోటు ఉన్నప్పుడు మిమ్మల్ని బిగించారు. తరువాత మొత్తం ఇంజనును తీసుకెళ్లి కారులో దించారు. అంటే మిమ్మల్ని ముందు కూర్చోబెట్టి, మీ చుట్టూ ఇల్లు కట్టారు. కట్టిన వాళ్లకు మిమ్మల్ని బయటికి పిలవవలసిన అవసరం ఎన్నడూ రాదు. ప్రశ్నపత్రం తయారుచేసిన వాడు పరీక్ష రాయడు కదా!

పైనున్న బిగింపు బోల్టు 12 నంబరు పానాకు వచ్చింది. కింది బోల్టు 14. అది బోల్టు కాదు, జానెడు శూలం. ఒక్కో తిప్పుకు పానా అర అంగుళం మాత్రమే కదులుతుంది. తీయాలి, మళ్లీ తగిలించాలి, మళ్లీ అర అంగుళం. నలభై నిమిషాలు అలా జపం చేశాక బోల్టు ముప్పాతిక దాకా బయటికి వచ్చి ఛాసిస్‌కు తగిలి ఆగింది. ఇంకో రెండు సెంటీమీటర్ల జాగా ఉంటే వచ్చేస్తుంది. లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. తమరి పూజారి ఇనుప దూలం.

ఇక ఇంజనునే జరపాలి. జాకీ ఉంది, ఆయిల్ సంపు కింద పెట్టడానికి చెక్క కావాలి. ఇల్లంతా వెతికితే దొరికింది మా పెళ్లి పీట ఒక్కటే. పసుపు మరక ఇంకా అలాగే ఉంది. దాన్ని జాకీ మీద పెట్టి, ఇంజను మౌంటు బోల్టులు వదులు చేసి, వాచ్‌మన్ చూస్తుండగా ఇంజనును రెండు సెంటీమీటర్లు పైకెత్తాను. బోల్టు వచ్చింది. ఆ సంతోషంలో పానా జారి వేలు ఇనుప దూలానికి తగిలింది. అంతకు ముందే చీరుకున్న వేలు అది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే సామెతను ఇంతవరకూ తెలుగు మాస్టారికే వదిలేశాను.

ఫ్లెమింగ్ కుడిచేతి నియమం ఎన్ని వందలసార్లు చూపించి ఉంటానో. బొటనవేలు చలనం, చూపుడువేలు అయస్కాంత క్షేత్రం, మధ్యవేలు విద్యుత్తు, మూడూ ఒకదానికొకటి లంబంగా ఉండాలి. మీ సందులో మూడు వేళ్లనూ లంబంగా చాపి ఉంటే ఫ్లెమింగ్ గారి చెయ్యి కూడా ఇంజనులోనే ఉండిపోయేది. నా మూడు వేళ్లూ అగరువత్తుల్లా ఒకే వరసలో లోపలికి వెళ్లాయి. విద్యుత్తు పుట్టలేదు గానీ రక్తం వచ్చింది.

వీపు మీది వైరు నట్టును అలా తడుముకుంటూ విప్పాను. చివరి మరలో అది వేళ్లలోంచి జారింది. టక్ మంది. కాస్త ఆగి ఇంకో టక్. తరువాత ఏమీ లేదు. నేలను తాకిన చప్పుడు రానే లేదు. న్యూటన్ గారిని నమ్ముకుని బండి కింద పావుగంట ఎదురుచూశాను. చివరికి ల్యాబు నుంచి ఎప్పుడో ఇంటికి చేరిన దండాయస్కాంతానికి దారం కట్టి, బావిలో చేద వదిలినట్టు సందులోకి వదిలాను. నాలుగోసారికి నట్టు వచ్చింది. దాంతోపాటు నాది కాని ఒక స్క్రూ, ఒక వాషరు కూడా వచ్చాయి. మీకు ఇంతకు ముందూ భక్తులు ఉన్నారన్నమాట.

మిమ్మల్ని బయటికి తీయడం గురించి ఎక్కువ చెప్పను. పాత ఇళ్ల మెట్ల మలుపులో ఇనుప బీరువా దించిన వాళ్లకు తెలుసు. నిలువుగా రాదు, అడ్డంగా రాదు, ఏదో ఒక కోణంలో దానంతట అది వస్తుంది, ఆ కోణం మళ్లీ ఎవరికీ దొరకదు. అయిదు కిలోల తమరు చక్రం పక్క నుంచి జారి నా పొట్ట మీద వాలారు. మీ వారసుణ్ణి ఎక్కించడానికి ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది. బెల్టు వేసి, వైర్లు బిగించి, తాళం తిప్పి మీటరు పెట్టాను. 14.2. మా ఆవిడను పిలిచి చూపించాను. "ఇంత చిన్న అంకె కోసమా?" అంది.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. ఇందాక మీ వీపు మీది మూత తీశాను. మూడు స్క్రూలు, అంతే. లోపల మీరు మా పుస్తకంలోని బొమ్మలా లేనే లేరు. అక్కడ అయస్కాంతాల మధ్య తీగచుట్ట తిరుగుతుంది. తమరిలో తీగచుట్టలు బుద్ధిగా కూర్చుంటే అయస్కాంతమే తిరుగుతుంది. ఆరు డయోడ్లు చెక్కు చెదరలేదు. బేరింగులు బాగున్నాయి. పోయింది రెండు బ్రష్షుల్లో ఒకటి, అరిగి అరిగి బియ్యపు గింజంత మిగిలింది. స్లిప్ రింగును అందుకోలేక అది నిలబడిపోయింది. కొత్త బ్రష్షుల జత 200 రూపాయలట, ఆటోనగర్ అబ్బాయి ఫోనులో చెప్పాడు. బండిలో ఉండగానే మార్చవచ్చు, అయితే ఆ మూడు స్క్రూలూ ఇంజను వెనక గోడ వైపు తిరిగి ఉన్నాయి.

సోమవారం తమరిని సంచిలో పెట్టుకుని క్లాసుకు తీసుకెళ్తాను. బోర్డు మీద మీ బొమ్మ కొత్తగా వేస్తాను. ఇటు పొగగొట్టం, అటు గోడ, కింద కంప్రెసర్, అడ్డంగా దూలం. ఎవరైనా చుట్టూ మార్జిన్ వదిలారో, మార్కు కోస్తాను.

ఇట్లు,
కుడిచేతి మూడు వేళ్లకూ పట్టీలు వేసుకున్న,
మీ ఫిజిక్సు మాస్టారు.

తా.క.: ఈ సాయంత్రం నుంచి మీ వారసుడి బెల్టు కీచుమంటోంది. ఒక అర తిప్పు బిగిస్తే పోతుంది. ఆ బోల్టు ఎక్కడ ఉందో మీకు తెలియనిది కాదు.