బోర్డు మీద ఒక పేరు, స్టేట్‌మెంట్‌లో మరో పేరు

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే మనవాళ్లలో ఎవరి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసినా వరస ఒకటే. నెల మొదట్లో జీతం, వెంటనే పీజీ అద్దె, ఈఎంఐ. ఆ తర్వాత పేజీల కొద్దీ 20, 45, 130 రూపాయల ఎంట్రీలు. పెద్ద మొత్తాలను ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. తంటా అంతా ఈ చిన్నవాటితోనే. మనం ఎన్నడూ వినని మనిషి పేరు, మనకు సంబంధం లేని బ్యాంకు కోడు, దాని పక్కన మన డబ్బు. ఎవరో ఖాతాలో చెయ్యి పెట్టారేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. సైబర్ మోసాల వార్తలు రోజూ చదువుతున్నవాళ్లకు ఆ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇలాంటప్పుడు బ్యాంకువాళ్లు గానీ ఇంట్లోవాళ్లు గానీ ముందు అనేది "నువ్వే ఎక్కడో కట్టి మర్చిపోయుంటావు" అని. చాలాసార్లు నిజంగానే మనం కట్టిందే అయి ఉంటుంది. కానీ మర్చిపోవడం వేరు, గుర్తుపట్టడానికి వీల్లేకుండా రాసి ఇవ్వడం వేరు. కొట్టు బోర్డు మీది పేరు ఖాతాదారుకు చేరకపోవడం చెల్లింపు వ్యవస్థలోని లోపం. ఆ భారాన్ని తెచ్చి మన జ్ఞాపకశక్తి మీద వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

మారతహళ్లిలో పీజీలో ఉంటున్న ఒంగోలు అమ్మాయి ఒకామె ఈ మధ్య తన స్టేట్‌మెంట్ చూపించింది. 260 రూపాయలు పోయాయి. వివరం గడిలో వరసగా యూపీఐ, డీఆర్ (అంటే డెబిట్), ఒక పన్నెండంకెల నంబరు, "లక్ష్మమ్" అని సగంలో తెగిన పేరు, "వైఈఎస్‌బీ" అని యెస్ బ్యాంకు కోడు, "పేటీఎంక్యూఆర్" అని మొదలై మధ్యలో ఆగిపోయిన ఐడీ. ఆమెకు లక్ష్మమ్మ అన్నవాళ్లెవరూ తెలియదు. యెస్ బ్యాంకుకు తానెప్పుడూ డబ్బు పంపలేదని భయం. యాప్ తెరిచి అదే పన్నెండంకెల నంబరున్న చెల్లింపు వెతికితే సమయం దొరికింది: రాత్రి ఎనిమిది దాటాక. ఆ రోజు రూమ్మేట్ పుట్టినరోజు, అరకిలో కేకు. సందు చివర బేకరీ బోర్డు మీద అయ్యంగార్ బేకరీ అనే ఉంది. కౌంటర్ దగ్గర అబ్బాయిని అడిగితే వచ్చీరాని తెలుగులో, "అది మా అమ్మ అకౌంట్ అక్కా" అన్నాడు.

ఆ ఒక్క ఎంట్రీలోనే లోపాలన్నీ ఉన్నాయి. స్టేట్‌మెంట్‌లో పడేది సాధారణంగా డబ్బు అందుకున్న ఖాతా ఎవరిదో వాళ్ల పేరు. చిన్న కొట్టులో ఆ ఖాతా అమ్మదో భార్యదో బావమరిదిదో అయి ఉంటుంది. రెండోది, ఆ పేరు కూడా పూర్తిగా రాదు. గడిలో ఇన్నే అక్షరాలు పడతాయని చాలా బ్యాంకులు కోసేస్తాయి. మూడోది ఆ బ్యాంకు కోడు. క్యూఆర్ స్టిక్కర్లు ఇచ్చే కంపెనీలు వ్యాపారుల చెల్లింపులను ఏదో ఒక బ్యాంకు ద్వారా నడిపిస్తాయి. కొట్టువాడి సొంత ఖాతా కెనరా బ్యాంకులో ఉన్నా మనకు కనిపించేది ఆ మధ్య బ్యాంకే. పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆర్‌బీఐ ఆంక్షలు వచ్చాక, 2024 మార్చిలో పేటీఎం వ్యాపారుల యూపీఐ బాధ్యత యెస్ బ్యాంకు తీసుకుంది. అంటే కొట్టు మారలేదు, స్టిక్కరూ మారలేదు, స్టేట్‌మెంట్‌లో కోడు మాత్రం మారింది.

బెంగళూరుకు సంబంధించిన కారణం మరొకటి ఉంది, దాన్ని దాటేసి ఈ విషయం మాట్లాడలేం. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల లెక్కలు తీసి వేల మంది చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చింది. సరుకులమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలన్నది నియమం. 2021-22 నుంచి లెక్కలు తిరగతోడేసరికి పాలు, కూరగాయలు అమ్మేవాళ్లు కూడా హడలిపోయారు. "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని కొట్ల ముందు కాగితాలు వెలిశాయి. జూలై 25న బంద్ అన్నారు. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి పాత బకాయిల మీద ఊరట ప్రకటించాకే అది చల్లబడింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఒకే ఖాతాలో అంతా పడితే లెక్కకు దొరుకుతామని అనుకునే మనిషి రెండో క్యూఆర్ ఇంట్లో ఇంకొకరి పేరున పెట్టుకుంటాడు. అది సరైన పనని నేననను. కానీ చిన్న వ్యాపారికి వ్యాపారం పేరున ఖాతా తెరవడమంటేనే నోటీసుకు దారి ఇవ్వడమన్న భయం ఉన్నంతకాలం మన స్టేట్‌మెంట్లలో లక్ష్మమ్మలు పెరుగుతూనే ఉంటారు.

మోసాలు తగ్గించడానికి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ తెచ్చిన ఒక నియమం ఇక్కడ సగం మేలు చేసింది. 2025 జూన్ 30 కల్లా యూపీఐ యాప్‌లన్నీ డబ్బు అందుకునే మనిషి అసలు పేరునే, అంటే బ్యాంకు రికార్డులో ఉన్నదాన్నే చూపించాలంది. మనం ఫోన్‌లో సేవ్ చేసుకున్న "పాలబ్బాయి", క్యూఆర్‌లో రాసుకున్న ముద్దుపేర్లు చెల్లవు. అందువల్ల యాప్‌లో పేరు, స్టేట్‌మెంట్‌లో పేరు దగ్గరపడ్డాయి, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వెతకడం తేలికైంది. బోర్డు మీది పేరు మాత్రం ఇప్పటికీ రెండింటికీ బయటే ఉంది. కాబట్టి పిన్ కొట్టే ముందు తెర మీద కనిపించే పేరును ఒక్క క్షణం చదవడం, నోట్ గడిలో "కేకు" అనో "ఆటో" అనో ఒక్క మాట రాయడం అలవాటు చేసుకుంటే నెలాఖరులో చాలా గుండెదడ తప్పుతుంది. ఆటోల విషయంలో ఇది మరీ అవసరం. నమ్మ యాత్రి లాంటి యాప్‌లో బండి పిలిచినా డబ్బు నేరుగా డ్రైవరుకే పంపుతాం, ఎంట్రీలో పడేది అతని పేరే.

తెగిన ఐడీలో కూడా కొంత ఆచూకీ ఉంటుంది. "పేటీఎంక్యూఆర్", "భారత్‌పే" అని మొదలైతే అది దాదాపుగా కొట్టు స్టిక్కరే. చివర "వైబీఎల్" ఉంటే ఫోన్‌పే, "ఓకేయాక్సిస్", "ఓకేఎస్‌బీఐ" లాంటివి ఉంటే గూగుల్ పే. కార్డు గీకిన చోట పద్ధతి వేరు. అక్కడ పడేది వ్యాపారి బ్యాంకు దగ్గర నమోదు చేసిన కంపెనీ పేరు, ఊరు. ఇందిరానగర్‌లో తిన్న భోజనం ముంబైలోని కంపెనీ పేరున రావచ్చు, పైగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడొచ్చు. పిన్ లేకుండా చిన్న మొత్తాలు కట్టే యూపీఐ లైట్ వాలెట్ వాడేవాళ్లకు స్టేట్‌మెంట్‌లో కనిపించేది వాలెట్ నింపిన మొత్తం ఒక్కటే. అందులోంచి ఏ కొట్టుకు ఎంత పోయిందో యాప్‌లోనే చూసుకోవాలి.

వెతికినా ఆచూకీ దొరక్కపోతే ఆగకూడదు. అనధికార లావాదేవీల మీద 2017 జూలై 6న ఆర్‌బీఐ ఇచ్చిన నియమాల్లో గడువులు స్పష్టంగా ఉన్నాయి. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగి ఉంటే, సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ల మీద ఒక్క రూపాయి భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే చాలా పొదుపు ఖాతాలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, లేదా పోయిన మొత్తం, ఏది తక్కువైతే అది ఖాతాదారు భరించాలి. పెద్ద మోసంలో ఈ పరిమితి రక్షణే. 260 రూపాయల విషయంలో మాత్రం మూడు రోజులు దాటితే పోయిందంతా మన మీదే పడొచ్చు. చిన్న మొత్తాలకు మెసేజ్ చూసిన రోజే విలువ. నెలాఖరు స్టేట్‌మెంట్ దాకా ఆగితే గడువు దాటిపోతుంది. ఆ మెసేజ్‌లు కూడా అన్నిటికీ రావడం లేదు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ 25 నుంచి 100 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు ఎస్ఎంఎస్ ఆపేసి ఈమెయిల్‌కు పరిమితం చేసింది. ఈమెయిల్ తెరవని పెద్దవాళ్ల సంగతి ఆలోచించాల్సింది.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నదీ ముఖ్యమే. ముందు యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే, ఆ తర్వాత బ్యాంకు సొంత యాప్‌లోనో కార్డు వెనక ఉన్న నంబరుకో. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి, 260 కోసం వెళ్లి ఖాతా మొత్తం పోగొట్టుకున్నవాళ్లున్నారు. పిన్ చెప్పడమో తెలియని లింకు నొక్కడమో జరిగి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు నెల రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

అయితే పేరు తెలియలేదన్న ఒక్క కారణంతో, యాప్‌లో సమయం కూడా చూసుకోకుండా, సైబర్ మోసమని రాసి పంపేవాళ్లకు ఒక మాట. అలాంటి ఫిర్యాదుతో డబ్బు అందుకున్న ఖాతా మీద హోల్డ్ పడే వీలుంది. 2023లో కేరళలో ఎందరో చిన్న వ్యాపారులకు ఇదే జరిగింది. ఎవరో కస్టమరు కట్టిన డబ్బు మీద మరో రాష్ట్రంలో కేసు ఉందని వాళ్ల ఖాతాలు స్తంభింపజేశారు. రోజువారీ సరుకు రోజు డబ్బుతోనే కొనే బేకరీవాళ్లకు నాలుగు రోజులు ఖాతా ఆగితే ఓవెన్ వెలగదు. మన మూడు రోజుల గడువు పోకుండా, అవతలి మనిషి తిండి పోకుండా చేయాలంటే మెసేజ్ వచ్చిన పూటే యాప్ తెరవడం తప్ప వేరే దారి లేదు.

ఈ జాగ్రత్తలన్నీ ఖాతాదారుకు చెప్పి బ్యాంకులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. వ్యాపారి క్యూఆర్ అయితే అది ఏ రకం వ్యాపారమో చెప్పే నాలుగంకెల కోడు, అంటే కిరాణాకు 5411, హోటల్‌కు 5812 లాంటిది, లావాదేవీతో పాటే ప్రయాణిస్తుంది. స్టిక్కర్ ఇచ్చిన కంపెనీ దగ్గర కొట్టు బోర్డు పేరు, చిరునామా ఉంటాయి. పీడీఎఫ్‌లో అక్షరాలు కోయాల్సిన అవసరం ఈ కాలంలో లేదు. పూర్తి పేరు, పూర్తి ఐడీ, చెల్లించిన సమయం, వ్యాపారం రకం, బోర్డు మీది పేరు, ఈ అయిదూ ప్రతి ఎంట్రీ కింద అచ్చు వేయాలని ఆర్‌బీఐ బ్యాంకులను ఆదేశించాలి. బోర్డు పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన పాత పన్ను లెక్కలు తిరగతోడబోమని కర్ణాటక ప్రభుత్వం చిన్న వ్యాపారులకు రాతపూర్వకంగా చెప్పాలి.