పైకెళ్లి కిందపడే రాకెట్‌కి పిల్లనెవరిస్తారు?

దేశంలో ఉన్న చిన్నాచితకా ప్రైవేటు రాకెట్ కంపెనీలన్నీ వెంటనే మూసేయాలని నేను గట్టిగా డిమాండ్ చేస్తున్నాను. వాళ్ల ఇంజిన్లలో లోపమేం లేదు, గుంటూరు బ్రాడీపేట పెద్దమనుషులకు అవి నచ్చలేదు, అంతకంటే ఏం కావాలి.

మా బంధువులబ్బాయి ఒకడు అలాంటి కంపెనీలోనే ఇంజిన్ల పని చేస్తాడు. వాళ్లవి సబ్ ఆర్బిటల్ రాకెట్లు. అంతరిక్షం అంచుదాకా వెళ్లి, కక్ష్యలోకి చేరకుండా, కొన్ని నిమిషాల్లో కిందికొచ్చేస్తాయి. మొన్న వాడి పెళ్లిచూపులకి గుంటూరు వెళ్లాం. సున్నుండలొచ్చాయి, కారప్పూస వచ్చింది, పిల్ల ఇంకా రాలేదు, ఈలోపు పిల్ల పెదనాన్నగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"బాబూ, మీ రాకెట్టు ఎంత ఎత్తుకెళ్తుంది?"

"వంద కిలోమీటర్లు దాటించాలని చూస్తున్నామండీ."

"ఆ తర్వాత?"

"సముద్రంలో పడుతుందండీ."

ఆయన కొరికిన సున్నుండ మళ్లీ ప్లేటులో పెట్టేశారు. "పడిపోయేదానికి జీతాలిస్తారా?"

"పడుతుందని తెలిసే పంపిస్తామండీ," అన్నాడు మావాడు. వాడికి నిజాయితీ జబ్బు. పైన దొరికే ఆ కొద్ది నిమిషాల్లోనే పరికరాలు పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుందనీ, కక్ష్యలో తిరగాలంటే సెకనుకి దాదాపు 8 కిలోమీటర్ల వేగం కావాలనీ, ముందు ఇది వస్తేనే అది వస్తుందనీ ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. పెదనాన్నగారు అంతా విని, "ఇస్రోవాళ్లవి ఏళ్ల తరబడి తిరుగుతాయి కదయ్యా," అన్నారు. ఆయన లెక్కలో కక్ష్యలో ఉన్నది పర్మనెంట్ ఉద్యోగం, మిగతాదంతా కాంట్రాక్టు.

ఇదే పెద్దాయన, హైదరాబాద్ స్కైరూట్ వాళ్లు 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేసినప్పుడు వాట్సాప్‌లో జెండాల మీద జెండాలు పెట్టారు. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్ అది. ఆరు మీటర్ల పొడవు, 89.5 కిలోమీటర్ల ఎత్తుకెళ్లింది, బంగాళాఖాతంలో పడింది. అవునండీ, పడింది! అంతకుముందు ఏడాది జులైలో బండ్ల శిరీష అంతరిక్షానికి వెళ్లొస్తే "మన గుంటూరు పిల్ల" అని ఊగిపోయారు. ఆవిడ వెళ్లొచ్చిందీ సబ్ ఆర్బిటలే. మరి అప్పుడు కక్ష్య ఏదని ఎవరూ అడగలేదే? టీవీలో అయితే గర్వం, అల్లుడిగా వస్తానంటే మాత్రం ఆరాలు.

మావాడు ఊరుకోక ఇంజిన్ గురించి మొదలుపెట్టాడు. లోపల మంట 3,000 డిగ్రీలు దాటుతుందట, ఇంజిన్ గోడ రాగిది, రాగేమో 1,085 దగ్గరే కరుగుతుంది, అందుకని గోడలో సన్నటి కాలవలు తవ్వి, కాలబోయే ఇంధనాన్నే ముందు వాటిలో తిప్పి గోడని చల్లబరుస్తారట. నేనైతే నోరు తెరుచుకుని విన్నాను. పెదనాన్నగారు అడిగింది ఒక్కటే, "ఎప్పుడూ పేలలేదు కదా?"

"పోయిన నెల ఒకటి టెస్ట్ స్టాండు మీదే పేలిందండీ."

"అంటే, ఫెయిలయ్యారా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. అదే కబురు విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్ ముందున్న మనిషికి చెప్పి చూడండి, "ఎక్కడ పగిలింది, వెల్డింగ్ దగ్గరా?" అంటాడు.

ఆ "ఫెయిలయ్యారా" అనే గొంతు ఈ రెండు ఊళ్ల హాస్టళ్లలో చదివిన ప్రతివాడికీ తెలుసు. ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి ఐఐటీ ఫౌండేషన్ అని తెల్లారకముందే లేపి, కిటికీలకి గ్రిల్లు బిగించి, రాకెట్ మీద లెక్కలు వందసార్లు చేయిస్తారు, వాడి చేతికి ఒక్క స్క్రూడ్రైవర్ ఇవ్వరు. ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు మొహం చూపించలేక ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్త లోపలి పేజీలో మూడు లైన్లు, మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫొటోలు. సిగ్గులేదా మనకి? పదహారేళ్ల పిల్ల ఒక్క సబ్జెక్టు తప్పితే బతుకే పోయిందని నేర్పింది ఎవరు? వాళ్ల ఫీజులు కట్టించుకున్నవాళ్లు, కట్టిన మనం!

ఆ కాలేజీల ఆఫీసు గదుల్లో గోడమీద కలాంగారి ఫొటో మాత్రం ఉంటుంది, దండతో సహా. 1979 ఆగస్టు 10న ఆయన ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా ఎగరేసిన ఎస్ఎల్వీ-3 రాకెట్ వెళ్లి సముద్రంలో పడింది. ఆయన్ని ఎవరూ హాస్టల్ గేటు బయట నిలబెట్టి నాన్నని పిలుచుకురమ్మనలేదు. మళ్లీ చేయమన్నారు, 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

సంబంధం తప్పిపోయిందని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు వాళ్లు బెంగళూరులో ఎవరో సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి చూస్తున్నారట. ప్రాజెక్టు లేక చాన్నాళ్లుగా బెంచ్ మీదే ఉన్నాడట. పెదనాన్నగారికి తెగ నచ్చాడు. పాపం, పైకి లేచిందే లేదు కాబట్టి కిందపడే భయం లేదు.