రెండు మార్కుల జవాబు గారికి

మహారాజశ్రీ ‘నీటిలోనూ నేల మీదా జీవించేవి ఉభయచరాలు’ అనే రెండు మార్కుల జవాబు గారికి, విశాఖపట్నం నుంచి నమస్కరించి రాయునది.

ట్యూషన్ల పుణ్యమా అని మీరు క్షేమమే. ఇబ్బందల్లా మాకే. మీ లెక్కన మా ఆర్‌కే బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్ కూడా ఉభయచరమే, 1969 నుంచి 2001 దాకా నీళ్లలో తిరిగి, ఆనక ఒడ్డెక్కి మ్యూజియమై టికెట్ల మీద బతుకుతోంది కదా! జూలో మొసలీ అంతే, గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి పాక్కుంటూ వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలూ అంతే. కానీ ఆ తాబేలు గుడ్డుకి పెంకుంది, లోపల పిండం చుట్టూ ఉమ్మనీటి సంచి ఉంది, ఆ గుడ్డు నీళ్లలో మునిగిపోతే పిల్ల ఊపిరాడక చస్తుంది, అందుకే అంత అవస్థపడి ఒడ్డెక్కి గొయ్యి తవ్వుతుంది. కప్ప గుడ్డుకి పెంకూ లేదు, సంచీ లేదు. పాయసంలో సగ్గుబియ్యంలా జిగురు, మధ్యలో నల్ల చుక్క, ఎండ తగిలిందా అయిపోయినట్టే. తేడా అక్కడుంది స్వామీ! దానికి తోడు ఊపిరి పీల్చే ఆ తడి చర్మం. కప్పకి చుట్టాలై, బల్లిలా కనిపించే సాలమాండర్లలో కొన్నిటికైతే ఊపిరితిత్తులే లేవు, చర్మమే దిక్కు.

సరే, మీరు గెంటేసిన వాళ్ల మాటేమిటి? పశ్చిమ కనుమల్లో కొన్ని పొద కప్పల గుడ్లలోంచి తోకకప్ప దశ లేకుండా నేరుగా బుల్లి కప్పలే బయటికొస్తాయి, వాటికి చెరువుతో పనే లేదు. మెక్సికోలోని యాక్సొలోట్ల్ అనే సాలమాండర్ ముసలిదైనా మొప్పలు వదలదు, గట్టెక్కదు. కాళ్లు లేకుండా వానపాముల్లా మట్టిలో దూరే సిసీలియన్లని ఎప్పుడైనా పలకరించారా? మన తూర్పు కనుమల నుంచే ఒక కొత్త జాతిని 2013లో వర్ణించారు. ఉభయచరాల్లో ఉన్నవే మూడు క్రమాలు, అంటే మూడు పెద్ద గుంపులు: కప్పలు, సాలమాండర్లు, సిసీలియన్లు. 8 వేల పైచిలుకు జాతుల్లో చాలావరకు కప్పలే అయితే మాత్రం, మిగతా ఇద్దర్నీ మింగేస్తారా?

తప్పంతా మీదే అనను. జీవులన్నిటినీ వర్గాలుగా విడదీసిన లిన్నేయస్ అంతటివాడే 1758లో పాముల్నీ బల్లుల్నీ, ఆఖరికి సొరచేపల్నీ ఈ గుంపులోనే పడేసి, పైగా అసహ్యమైన జీవులని తిట్టాడు. (ఫిషింగ్ హార్బర్‌లో సొర అమ్మే ఆవిడ ముందు అనమనండి చూద్దాం.) ఆయన్ని తర్వాతివాళ్లు సరిదిద్దారు. మిమ్మల్నే ఎవరూ ముట్టుకోలేదు.

కాబట్టి గుడ్డునీ చర్మాన్నీ కలుపుకుని నాలుగు మార్కులకి పెరగండి. కుదరదంటారా, వానాకాలంలో రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నడుములోతు నీళ్లలో స్కూటర్లు తోసుకెళ్లే మా అందరికీ ఉభయచరాలుగా గుర్తింపు కార్డులు ఇప్పించండి, ఫొటోలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
పొడి చర్మం గల ఒక విశాఖవాసి