యంత్రం ధరను కిలోవాట్లతో భాగిస్తే సరిపోదు
పంట వ్యర్థాలను కొద్ది గాలిలో కాల్చి, కరెంటు తీసే ఇంజిన్‌కు గ్యాసు అందించే యంత్రం గ్యాసిఫైయర్. ట్రైలర్ మీద తిరిగే గ్యాసిఫైయర్ ఖర్చును యంత్రం ధరను కిలోవాట్లతో భాగించి తేల్చవచ్చని దాని మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అనంతపురంలో చెనక్కాయ పొట్టుతో నడపాలంటే ఆ లెక్క నిలవదు. 20 కిలోవాట్ల యంత్రాన్ని 15 కిలోవాట్ల లోడు మీద 8 గంటలు నడిపితే వచ్చేది 120 యూనిట్ల కరెంటు. బ్లోయరు, నీళ్ల పంపు అందులో దాదాపు పదో వంతు తినేస్తాయి, చేతికొచ్చేది 108. మొత్తం 120కీ యూనిట్‌కు 1.3 కిలోల చొప్పున 156 కిలోల ఇంధనం కావాలి, అదీ 15 శాతం తేమకు ఆరింది. 30 శాతం తేమున్న సరుకైతే 190 కిలోలు కొనాలి, ఆరబెట్టే కూలి వేరే. ఇక అసలు చిక్కు పొట్టు తేలిక కావడం. గ్యాసు పైనుంచి కిందికి సాగే డౌన్‌డ్రాఫ్ట్ రియాక్టర్లో వదులుగా పోస్తే గొంతు (రియాక్టర్ ఇరుకయ్యే చోటు) పైన కమానులా కట్టుకుని కిందికి జారదు. కింద ఖాళీ పడి, వేడి తగ్గి, వేడికి విడిపోకుండా మిగిలిన తారు ఇంజిన్ వాల్వులకు పట్టేస్తుంది. అందుకే పొట్టును గట్టి దిమ్మలుగా నొక్కే బ్రికెట్ ప్రెస్సునూ, దాని కరెంటునూ అంచనాలో మొదటే రాసుకోవాలి. కర్నూలు వైపు పత్తికట్టెకైతే ముక్కలు కొట్టే యంత్రం చాలు. గ్యాసును కడిగే స్క్రబ్బర్ నీళ్లలో తారు, ఫినాల్ అనే విష రసాయనం ఉంటాయి, చేలోకి వదలకూడదు. వాటిని శుద్ధిచేసే తొట్టి ఖర్చు వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు.